టేపు పిన్ని, నలభై అడుగుల వీధి

మా వీధిలో అందరూ ఆవిడను టేపు పిన్ని అంటారు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం కొందరికే ఉంది. సర్వే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ఆవిడ చేసిన ఉద్యోగం టేపు పట్టుకోవడం. టేపుకు రెండు కొసలుంటాయి. అంకె చదివే కొస సర్వేయరు దగ్గర, సున్నా ఉన్న కొస సహాయకుల దగ్గర. సున్నాను గోడకు ఆనించి కదలకుండా పట్టుకోవాలి, అంతే పని. ఆ కొసను జానెడు ఇటు జరిపితే ఎవరి స్థలమో జానెడు అటు పోతుంది. జరపమని సర్వేయర్లు నోటితో చెప్పరు, కళ్లతో సైగ చేస్తారు. పిన్నికి ఆ సైగ బాగానే అర్థమయ్యేది. "ఏం సార్, కంట్లో నలుసు పడిందా?" అని పక్క స్థలంవాళ్లకు కూడా వినబడేలా అడిగేది.

ఆవిడతోపాటు చేరినవాళ్లు హెడ్ గుమాస్తాలయ్యారు. ఆవిడ చేరిన ఉద్యోగంలోనే రిటైరైంది. వీడ్కోలు సభలో పెద్దాఫీసరు ఆవిడ నిజాయితీని పావుగంట పొగిడాడు. మధ్యలో పిన్ని లేచి, "ఇంత మంచిదాన్నని తెలిసినవాళ్లు ఎనిమిదిసార్లు ఊరవతలకి ఎందుకు బదిలీ చేశారు సార్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మళ్లీ కూర్చుంది.

ఇంట్లో ఆవిడ, ఆవిడ తోటికోడలు, ఇద్దరే. భర్తలిద్దరూ పోయి చాలా ఏళ్లయింది. తోటికోడలు పెద్దది. మోకాళ్లు పనిచేయవు, నోరు రెండింతలు పనిచేస్తుంది. ఆ ఇంటికి ఎదురుగానే నా కళ్లజోళ్ల దుకాణం. అందువల్ల వాళ్లిద్దరి సంభాషణ నాకు రోజూ ఉచితం.

మా ఊరి ఇరుకు గురించి కొంచెం చెప్పాలి. రెండు వైపులా బళ్లు ఆపి ఉండే మా వీధిలో రెండు కార్లు ఎదురుపడితే ఒకటి దర్జీ కొట్టు మూల దాకా వెనక్కి పోవాలి. ఎవరు పోవాలన్నది తేలడానికి అరగంట పడుతుంది. కుళాయి పొద్దున ముప్పై అయిదు నిమిషాలు వస్తుంది. మురుగు మాత్రం వేళాపాళా లేకుండా వస్తుంది. బడిలో పిల్లలు పట్టక పొద్దున సగంమందికి, మధ్యాహ్నం సగంమందికి పాఠాలు చెబుతారు. ఇంత సౌఖ్యంలో ఉన్న మా వీధి చివర, మూతబడిన పెంకుల ఫ్యాక్టరీ స్థలంలో, ఒక కంపెనీవాళ్లు పెద్ద బోర్డు పాతారు. పద్నాలుగు అంతస్తుల టవర్లు ఆరు, ఇళ్లు ఏడువందల ఇరవై. బొమ్మలో టవర్ల ముందు రోడ్డు నదంత వెడల్పుగా ఉంది. రెండు వైపులా చెట్లు, ఒక తెల్ల కుక్క, దాన్ని పట్టుకుని నవ్వుతున్న ఒక కుటుంబం. ఆ రోడ్డు మా వీధే. చెట్ల స్థానాన్ని బట్టి లెక్కేస్తే, ఆ కుక్క నిలబడింది నా దుకాణం గల్లాపెట్టె మీద.

వీధివాళ్లం కమిటీ పెట్టుకున్నాం. మందుల షాపాయన అధ్యక్షుడు. ఆయనకు మాట్లాడేటప్పుడు మైకు అక్కర్లేదు, ఆగడానికి మాత్రం ఎవరో ఒకరు కావాలి. మొదటి మీటింగులో ఆయన, "తరతరాలుగా మన వీధి అనుభవిస్తున్న ప్రశాంతతకి ముప్పు వచ్చింది," అన్నాడు.

వెనక బెంచీ మీంచి పిన్ని గొంతు వినబడింది. "ఏ ప్రశాంతత? నిన్న పొద్దున మీ షాపు ముందు హారన్ కొట్టాడని ఒకడి చొక్కా ఇంకొకడు చింపాడే, అదా?"

"పిన్నీ, మనం మనం ఒక మాట మీద ఉండాలి."

"ఉందాం. ముందు ఆ మాట ఏదో చూసుకుందాం. అనుమతి కోసం కంపెనీవాళ్లిచ్చిన రిపోర్టు ఎవరైనా చదివారా?"

ఎవరూ చదవలేదు. రిపోర్టు మున్సిపల్ ఆఫీసులో పెట్టారు. ఎవరైనా చూడవచ్చు, పదకొండు నుంచి ఒంటిగంట దాకా, నిలబడి. జిరాక్సు తీయనివ్వరు. ప్రజలకు తెలియజేయడమంటే మా మున్సిపాలిటీకి ఉన్న అవగాహన అది. పిన్ని ఇంటినుంచి మడతకుర్చీ పట్టుకెళ్లింది. రెండువందల పన్నెండు పేజీలు నాలుగు రోజులు చదివింది. నాలుగో రోజు మధ్యాహ్నం నేరుగా నా దుకాణానికి వచ్చి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నాయనా, ఈ అద్దాలు సరిగ్గానే ఉన్నాయా చూడు."

చూశాను. బాగానే ఉన్నాయన్నాను.

"అయితే తప్పు నా కళ్లది కాదు. ఎనభై ఏడో పేజీలో మన వీధి వెడల్పు నలభై అడుగులని రాశారు."

బళ్ల రద్దీ లెక్క అంతకన్నా ముచ్చటగా ఉందట. బడులకు సెలవులున్న వారంలో ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా లెక్కించి, వీధి 'తగినంత ఖాళీగా' ఉందని తేల్చారు. నీళ్ల సంగతి ఒకే వాక్యం: 'పట్టణంలో నీటి సరఫరా ఉంది.' పిన్ని ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పింది. "ఇది రాసినవాడు మన కుళాయి ముందు ఒక్క పొద్దున బిందె పట్టుకుని నిలబడితే, చేతికి పెన్ను అంటదు."

మరుసటి ఆదివారం పొద్దున్నే ఆవిడ ట్రంకుపెట్టెలోంచి పాత టేపు తీసింది. రెండో కొస పట్టుకోవడానికి నన్ను రమ్మంది. పదివేళ్లున్నవాడెవడైనా పట్టుకోగలడు కదా అని నేను సున్నా కొస అందుకోబోయాను.

"అది ఇటివ్వు. అంకె ఎవరైనా చదువుతారు. నువ్వు చదువు."

గోడ నుంచి గోడకు, మెట్టు నుంచి మెట్టుకు, వీధి పొడుగునా ఇరవైరెండు చోట్ల కొలిచాం. నేను చదివాను, ఆవిడ రాసుకుంది. కొన్ని చోట్ల ఇరవై, కొన్ని చోట్ల పంతొమ్మిది. అన్నిటికన్నా ఇరుకు మందుల షాపు దగ్గర, పదిహేడు అడుగుల నాలుగు అంగుళాలు. ఆయన షాపు ముందు బళ్లు ఎక్కడానికి సిమెంటు వాలు కట్టించాడు, దాని మీద రేకుల పందిరి వేయించాడు. ఆ రెండూ కలిసి నాలుగు అడుగులకు పైనే వీధిలోకి వచ్చాయి. నా దుకాణం బోర్డు, అద్దాల స్టాండు కలిసి మూడు అడుగులు. నేను ఆ అంకెను కొంచెం మెల్లగా చదివాను.

"గట్టిగా చదువు. వీధి మింగినప్పుడు గొంతుకి అడ్డం పడలేదుగా?"

చివరగా ఆవిడ ఇంటి ముందు కొలిచాం. మెట్లు రెండు అడుగుల ఎనిమిది అంగుళాలు బయటికి వచ్చాయి. పిన్ని ఆ అంకెను తన కాగితంలో మిగతావాటికన్నా లావుగా రాసుకుంది.

ఇరవై ఆరేళ్ల కిందట ఊరంతా మళ్లీ సర్వే చేసినప్పుడు మా వీధి కొలిచిన బృందంలో ఆవిడే టేపు పట్టుకుంది. మేం కొలిచిన వారమే సర్వే ఆఫీసుకు పోయి, అప్పటి పటానికి ముద్ర వేసిన నకలు తెచ్చుకుంది. పటంలో వీధి ఇరవై ఎనిమిది అడుగులు. అంటే కంపెనీవాళ్లు అబద్ధమాడింది పన్నెండు అడుగులు. ఈ ఇరవై ఆరేళ్లలో మేం తలా కాస్త మింగింది, మరీ ఇరుకైన చోట, దాదాపు పదకొండు. పిన్ని ఈ రెండు సంగతులూ ఒకే కాగితం మీద రాసి కమిటీ ముందు పెట్టింది.

మందుల షాపాయన కాగితం చదివి బల్ల మీద పెట్టాడు. "మొదటి సగం అద్భుతం పిన్నీ. రెండో సగం ఎందుకు రాశావు?"

"రెండూ ఒకే టేపు చెప్పింది. ఒకటి తీసుకుని ఒకటి వదిలేయడానికి ఇదేమన్నా మీ షాపులో మాత్రల అట్టా?"

"శత్రువు చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు అవుతుంది కదా."

"వాళ్ల దగ్గర కర్రలకి కొదవ లేదు. వాళ్లు మన మెట్లు చూపించి మన నోరు మూయించకముందే మనమే చెప్పేద్దాం. అప్పుడు నలభై గురించి గట్టిగా అడగొచ్చు."

కమిటీలో అందరూ నేల చూపులు చూశారు. ప్రతివాడికీ గడప ముందు ఏదో ఒకటి ఉంది. ఒకరికి అరుగు, ఒకరికి స్నానాలగది, ఒకరికి జెనరేటరు. టవర్ల మీద మున్సిపాలిటీ పెట్టబోయే బహిరంగ విచారణలో మాట్లాడేవాళ్ల జాబితా నుంచి పిన్ని పేరు కొట్టేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. నేనూ చెయ్యెత్తాను. ఎందుకెత్తావని తరువాత చాలామంది అడిగారు. అద్దాల స్టాండు కోసం ఎత్తాను, అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

తీర్మానం సంగతి పిన్నికి ఆ రాత్రే తెలిసింది. మరునాడు పొద్దున తాపీ మేస్త్రీని పిలిచి తన ఇంటి మెట్లు పగలగొట్టించింది. బయట మెట్లు పోతే ఇంట్లోకి ఎక్కేదెలా? అందుకని ముందుగదిలో నేలను కొంత తవ్వించి, మెట్లు గుమ్మం లోపల కట్టించింది. గదిలో తోటికోడలి మంచం ఉండే మూల ఆ మెట్లకు పోయింది. మంచం వంటింటి గుమ్మం పక్కకు చేరింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని తోటికోడలు మేస్త్రీ ఎదుటే కేకలు వేసింది. "ఊళ్లో అందరి మెట్లూ బానే ఉన్నాయి. నా మంచమే దొరికిందా నీకు?"

"అందరి మెట్ల గురించీ అడగాలంటే ముందు మనవి పోవాలి అక్కా."

"అడగమని ఎవరు ఏడ్చారు? వంటింటి పొగ నీ ముక్కులోకి రాదు, నా ముక్కులోకి వస్తుంది."

"మంచం తల ఇటు తిప్పుతాను."

"నీ తల తిప్పుకో ముందు."

మూడు రోజులు ఆవిడ పిన్ని వండింది తింటూనే పిన్నితో మాట్లాడలేదు. ఆ మాటలన్నీ కిటికీలోంచి నాతో మాట్లాడింది.

విచారణ మున్సిపల్ హాల్లో పెట్టారు. ముందు రెండు వరుసల మెత్తటి కుర్చీలు కంపెనీవాళ్లకు. వెనక ఇనప కుర్చీలు మాకు. విచారణ జరిపే అధికారిణి ఈ మధ్యే బదిలీ మీద వచ్చింది. ముఖంలో అలసట తప్ప ఇంకేమీ కనబడని మనిషి. మొదట కంపెనీవాళ్లు ఒక సినిమా వేశారు. అందులో మా ఊరి మీద సూర్యుడు ఉదయించాడు, పక్షులు ఎగిరాయి, మురుగుకాలవ మాత్రం ఎక్కడా లేదు. తరువాత రిపోర్టు రాసిన ఇంజనీరు లేచి, ఈ ఇళ్లు వస్తే రద్దీ తగ్గుతుందని గంటసేపు నిరూపించాడు. ఏడువందల ఇరవై ఇళ్లు వస్తే రద్దీ ఎలా తగ్గుతుందో ఆయనకు అర్థమైనట్టే ఉంది.

మావాళ్లకు తలా రెండు నిమిషాలు ఇచ్చారు. మందుల షాపాయన రెండు నిమిషాలూ తన తాతగారి గురించి మాట్లాడాడు. తరువాత లేచినవాళ్లు నీళ్లన్నారు, మురుగన్నారు, బడి అన్నారు, కిటికీలోకి వెలుగు రాదన్నారు. అన్నీ నిజాలే. ఇంజనీరు ఒక్కొక్కదానికీ "నోట్ చేసుకున్నాం" అన్నాడు. చేతిలో పెన్ను లేదు.

జాబితా అయిపోయాక పిన్ని లేచింది. మీ పేరు లేదని గుమాస్తా అడ్డుపడ్డాడు. అధికారిణి చెయ్యి ఊపి రానిమ్మంది.

"ఎనభై ఏడో పేజీ," అంది పిన్ని. "వీధి నలభై అడుగులని రాశారు. ఏ చోట కొలిచారు బాబూ?"

ఇంజనీరు చిరునవ్వు నవ్వాడు. "అది ప్రతిపాదిత వెడల్పు మేడమ్. భవిష్యత్తులో వచ్చేది."

"ఇళ్లు కూడా భవిష్యత్తులోనే కడతారా, ముందు కడతారా?"

హాల్లో నవ్వులు లేచాయి. పిన్ని సర్వే పటం నకలు అధికారిణి బల్ల మీద పెట్టింది. "రికార్డులో ఇరవై ఎనిమిది. అంతెత్తు కట్టాలంటే నలభై ఉండాలని మీ నిబంధనే చెబుతోంది. అందుకే నలభై అని రాసుకున్నారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు నేల మీద ఇరవై ఎనిమిది కూడా లేదు. మరీ ఇరుకైన చోట పదిహేడున్నర లోపే ఉంది. మిగతాది మేం మింగాం. మెట్లని, పందిళ్లని, స్నానాలగదులని. పోయిన వారం దాకా నా మెట్లు కూడా అందులోనే ఉండేవి."

వెనక హాలంతా ఒక్కసారిగా లేచింది. మందుల షాపాయన వేలు చూపించి, "ఈవిడ కంపెనీకి అమ్ముడుపోయింది. ఈవిడ మాట మాది కాదు, రాసుకోండి," అని అరిచాడు.

కంపెనీ మేనేజరు ముఖం వెలిగిపోయింది. ఇదే అదను అనుకున్నాడు. "చూశారా మేడమ్, సమస్య మా ప్రాజెక్టు కాదు, వీళ్ల ఆక్రమణలు. అసలు స్థానికులు మా వైపే ఉన్నారు. ఈ వీధివాళ్లే పదకొండు మంది ఇళ్లు బుక్ చేసుకున్నారు. కమిటీ అధ్యక్షులుగారే ఏడో అంతస్తులో తూర్పు వైపు తీసుకున్నారు." జాబితా తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు.

మందుల షాపాయన చూపిన వేలు గాల్లోనే ఉండిపోయింది. "అది మా అల్లుడి కోసం," అన్నాడు. ఆ ఒక్క మాటే ఆయన జీవితంలో మెల్లగా మాట్లాడింది. మా కార్యదర్శి బూట్లు సరిచేసుకుంటున్నట్టు కుర్చీ కిందికి వంగిపోయాడు. ఆయన పేరు తొమ్మిదోది.

పిన్ని వాళ్ల వైపు చూడను కూడా లేదు. మేనేజరుతో, "మా ఆక్రమణలన్నీ తీసేయండి. నాది తీసేశాను, కావాలంటే వచ్చి చూడండి. అప్పుడు ఇరవై ఎనిమిది వస్తుంది. తక్కిన పన్నెండు అడుగులు ఎవరి పడకగదిలోంచి తీస్తారో, ఆ పేజీ ఏదో చూపించండి. నేను నాలుగు రోజులు వెతికాను, దొరకలేదు," అంది.

మేనేజరు ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు రిపోర్టు వైపు చూశాడు. అధికారిణి అంతవరకూ గడ్డం కింద పెట్టుకున్న చెయ్యి తీసి, ఫోను అందుకుంది. "ఫైరింజను ఒకటి ఆ వీధికి పంపండి. లేదు, మంటలేమీ లేవు. చివరిదాకా పోయి రావాలి, అంతే." తరువాత అందరినీ వీధికి నడవమంది.

ఎర్రబండి దర్జీ కొట్టు మూల తిరిగి, మధ్యాహ్నం పన్నెండున్నరకు మా వీధిలోకి వచ్చింది. నా స్టాండు నేను అంతకు ముందే లోపల పెట్టేసుకున్నాను. బండి మెల్లగా నాలుగు నిమిషాలు నడిచింది. మందుల షాపు దగ్గర ఆపి ఉన్న కారును తప్పించబోయి అడ్డం తిరిగి, ఒక వైపు సిమెంటు వాలుకు, ఇంకో వైపు ఎవరిదో అరుగుకు మధ్య ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. మధ్యాహ్నం బడికి పోయే పిల్లల వ్యాన్లు వెనక బారులు తీరాయి. డ్రైవరు తలుపు తెరుచుకోక కిటికీలోంచి తల బయటపెట్టి, రిపోర్టు పట్టుకుని నిలబడ్డ ఇంజనీరుతో, "సార్, లోపలికి రమ్మన్నారు, వచ్చాను. బయటికి ఎలా పోవాలో కూడా మీ రిపోర్టులో రాసుందేమో కాస్త చూడండి," అన్నాడు.

బండి వెనక్కి పోవడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. అరుగు కొంత, పందిరి రేకులు రెండు, బండి అద్దం ఒకటి పోయాయి. అధికారిణి అంతసేపూ ఎండలో నిలబడి చూసింది. ఇంజనీరు నీడ కోసం వెతికాడు. బొమ్మలో ఉన్న చెట్లు అప్పటికింకా రాలేదు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. టవర్లకు అనుమతి లేదు. ఇరవై ఎనిమిది అడుగుల వీధికి తగ్గట్టు నాలుగు అంతస్తులు, నూటయాభై ఇళ్లు కట్టుకోవచ్చు. అదీ వీధిలో ఆక్రమణలన్నీ తొలగించాకే. మొదటి సగం విని కమిటీ వీధి మొగలో బ్యానరు కట్టింది. 'మన పోరాటం, మన విజయం' అని అక్షరాలు, పక్కన మందుల షాపాయన ఫోటో, నిలువెత్తుది. రెండో సగం అర్థమైన రోజు బ్యానరు దించేశారు.

ఎర్ర రంగు గీతలు గీస్తూ మున్సిపల్‌వాళ్లు ఇంటింటికీ వచ్చారు. నా స్టాండుకు గీత పడింది. అరుగులు, గదులు, పందిళ్లు ఒక్కొక్కటే పోయాయి. వాటితోపాటు మావాళ్లకు పిన్నితో మాటలు కూడా పోయాయి. కంపెనీ మీద పడాల్సిన తిట్లన్నీ ఆవిడ గుమ్మం ముందు పడేవి. కంపెనీ గుమ్మం దూరం మరి. మందుల షాపాయన ఆవిడకు మాత్రలు ఇచ్చేటప్పుడు పొట్లం బల్ల మీద పెట్టి ముఖం పక్కకు తిప్పుకునేవాడు. పిన్ని పొట్లం విప్పి, మాత్రలు లెక్కపెట్టుకుని వచ్చేది.

ఒక రోజు ఉండబట్టలేక అడిగాను. "నీకు బాధగా లేదా పిన్నీ?"

"ఉంది," అంది. ఆవిడ నోటినుంచి ఆ మాట వస్తుందనుకోలేదు. "మేస్త్రీ మెట్ల ఎత్తు ఎక్కువ పెట్టాడు. అక్క దిగలేకపోతోంది. బయటి గాలి చూసి నెలలయింది. వీధి కోసం చేశాను సరే, ఆవిడని అడక్కుండా చేశాను."

ఆ మరునాడే మేస్త్రీని మళ్లీ పిలిపించింది. నేను దుకాణం మూసి పోయి మంచం అవతలికి జరిపాను. మూడు మెట్లను అయిదు చేశారు, పక్కన పట్టుకోవడానికి ఇనప కడ్డీ పెట్టారు. గది ఇంకా ఇరుకైంది. తోటికోడలు కడ్డీ పట్టుకుని అయిదు మెట్లూ దిగి, వీధిలో నిలబడి అటూ ఇటూ చూసింది. "ఇంత వెడల్పుందా మన వీధి," అంది. వెంటనే కోపం గుర్తొచ్చి లోపలికి తిరిగింది.

నాలుగు అంతస్తుల ఇళ్లు మూడేళ్లకు లేచాయి. కొత్తవాళ్లు దిగారు. దిగిన నెలకే వాళ్లూ ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ల మొదటి తీర్మానం, మా పిల్లలు వాళ్ల ఆవరణలోంచి బడికి అడ్డదారిన పోకుండా గేటు పెట్టాలని. మందుల షాపాయన అల్లుడు అందులో కోశాధికారి. అల్లుడి మామ ఆ గేటును మా కమిటీలో ఖండించాడు.

ఈ వేసవిలో కొత్త ఇళ్ల నుంచి ఒకావిడ, చంకలో పాపతో, పిన్ని ఇంటికి వచ్చింది. ఇంజనీరునే కడిగేశారని ఎవరో చెప్పారట. నాలుగు రోజులుగా మూడో అంతస్తుకు నీళ్లు ఎక్కడం లేదనీ, ఎవరిని అడిగినా చూస్తామంటున్నారనీ చెప్పింది. మా కుళాయి కూడా అప్పటికి ఇరవై నిమిషాలకు తగ్గింది. ఇదంతా వింటూ నేను దుకాణంలోనే నిలబడ్డాను, పిన్ని ఆవిడను ఎలా తరిమేస్తుందో చూద్దామని.

"మీరొచ్చారు కాబట్టే మాకూ తగ్గాయి," అంది పిన్ని. "నీళ్లున్నాయని వాళ్లు రాశారు, మీరు నమ్మి కొన్నారు. కొనేముందు ఒక్క పొద్దున వచ్చి కుళాయి చూసుకోవాలని తోచలేదా?"

ఆ అమ్మాయి కళ్లు దించుకుంది. "తోచలేదండి. బొమ్మ చూశాం."

"సరే, నిలబడ్డావేం, కూర్చో. మీ కింది ట్యాంకు ఎంత పొడుగు, ఎంత లోతు?"

తెలియదంది.

పిన్ని లేచి ట్రంకుపెట్టె తెరిచింది. లోపలినుంచి తోటికోడలు, "మళ్లీ బయలుదేరావా? ఈసారి ఏ గోడ పగలగొట్టిస్తావు?" అని అరుస్తోంది. పిన్ని టేపు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నన్ను పిలిచింది. నేను షట్టరు దించాను.